యూనివర్సిటీలో చేరే విద్యార్థికి బ్యాక్‌ప్యాక్: తూకంతో మొదలుపెట్టి ఎంచుకునే పద్ధతి

బ్యాక్‌ప్యాక్ కొనడానికి వెళ్లినవాళ్లు ముందు రంగు చూస్తారు. తర్వాత జేబులు లెక్కపెడతారు. చివరికి భుజాలకు తగిలించుకుని అద్దంలో చూసుకుంటారు. అప్పుడు బ్యాగు ఖాళీగా ఉంటుంది. ఖాళీ బ్యాగు ఏదైనా భుజానికి హాయిగానే ఉంటుంది. దాని అసలు గుణం బయటపడేది ఆరేడు కిలోలు నింపుకుని తరగతి గది నుంచి లైబ్రరీకి, అక్కడి నుంచి ల్యాబుకు, ఆ తర్వాత బస్టాపుకు నడిచినప్పుడు. బడిలో రోజంతా ఒకే గది, ఒకే బల్ల. యూనివర్సిటీలో గంటగంటకూ గది మారుతుంది, కొన్నిసార్లు భవనమే మారుతుంది. వెంట తెచ్చుకున్నదంతా సాయంత్రం దాకా వీపు మీదే ఉంటుంది. మూడు నాలుగేళ్లు ప్రతిరోజూ మోయాల్సిన వస్తువును అద్దం ముందు అర నిమిషంలో తేల్చేయడం తగదు. అందుకే ఈ మార్గదర్శి తూకంతో మొదలవుతుంది. రంగు గురించి ఇందులో దాదాపు ఏమీ ఉండదు; అది పూర్తిగా మీ ఇష్టం.

మొదటి అడుగు: బరువైన రోజును తూయండి

టైంటేబుల్ చేతికి వచ్చి ఉంటే అందులో అన్నిటికంటే భారమైన రోజును ఎంచుకోండి. రాకపోతే, మీ కోర్సులోనే పై సంవత్సరం చదువుతున్నవారిని ఒక్క ప్రశ్న అడగండి: ‘రోజూ నిజంగా ఏమేం తీసుకెళ్తారు?’ సిలబస్‌లో ఉన్న పుస్తకాలన్నీ ఎవరూ మోయరు. కాబట్టి పుస్తకాల జాబితా కంటే వారి జవాబే మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఆ రోజుకు కావలసినవన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టండి. ల్యాప్‌టాప్, ఛార్జర్, నోటు పుస్తకాలు, నీళ్ల సీసా, భోజనం డబ్బా, గొడుగు, ల్యాబ్ కోటు, ఏదీ వదలకండి. సీసాలో నీళ్లు నింపే పెట్టండి. లీటరు నీళ్లు కిలో తూగుతాయి. ఇంట్లో మనుషుల బరువు చూసుకునే యంత్రం ఉంటే పెట్టెతో ఒకసారి, పెట్టె లేకుండా ఒకసారి ఎక్కి తేడా తీస్తే చాలు.

ఒక మామూలు లెక్క చూద్దాం. 14 అంగుళాల ల్యాప్‌టాప్ 1.5 కిలోలు, ఛార్జర్ 300 గ్రాములు, నీళ్లతో సహా సీసా 1.2 కిలోలు, రెండు మందపాటి నోటు పుస్తకాలు 800 గ్రాములు, ఒక పాఠ్యపుస్తకం 1.2 కిలోలు, భోజనం డబ్బా 700 గ్రాములు, గొడుగు 400 గ్రాములు, పెన్నులూ ఇయర్‌ఫోన్‌లూ పవర్ బ్యాంకూ కలిపి మరో 400 గ్రాములు అనుకుందాం. మొత్తం 6.5 కిలోలు. దీనికి బ్యాగు సొంత బరువు కలపాలి. అది 900 గ్రాములైతే భుజాల మీద పడేది 7.4 కిలోలు.

మోసే బరువు శరీర బరువులో 10 నుంచి 15 శాతం దాటకుండా చూసుకోవాలన్నది ఎముకల వైద్యులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు సాధారణంగా చెప్పే మాట. ఈ సలహా ప్రధానంగా బడిపిల్లల కోసం చెప్పినదే అయినా, రోజూ గంటల తరబడి మోసే పెద్దలకూ అది మంచి కొలతే. 50 కిలోల మనిషికి దాని ప్రకారం 5 నుంచి 7.5 కిలోలు. అంటే పైన చెప్పిన మామూలు లెక్కే పైహద్దును దాదాపు తాకింది. 70 కిలోల మనిషికి అదే బరువు హద్దుకు ఎంతో లోపల ఉంటుంది. స్నేహితుడికి బాగా కుదిరిన బ్యాగు మీకు కుదరకపోవడానికి ఇదొక కారణం.

మీ తూకం హద్దు దాటితే ఇంకా పెద్ద బ్యాగు వెతక్కండి. ముందు బరువు తగ్గించుకోండి. క్యాంపస్‌లో నీళ్లు దొరికే చోటు ఉంటే సీసాను సగమే నింపుకుని బయలుదేరవచ్చు. మందపాటి నోటు పుస్తకాల బదులు విడి కాగితాలు పెట్టుకునే ఫైలు సరిపోవచ్చు. పాఠ్యపుస్తకం లైబ్రరీలో ఉంటే దాన్ని అక్కడే చదువుకోవచ్చు. లాకరు ఇస్తారేమో మొదటి వారంలోనే కనుక్కోండి; చాలా చోట్ల ముందు అడిగినవారికే దక్కుతుంది.

రెండో అడుగు: లీటర్ల లెక్క

బ్యాగు ఎంత పట్టేదీ లీటర్లలో చెబుతారు. మీకు ఎంత కావాలో ఆ అట్టపెట్టెతోనే తెలుసుకోవచ్చు. వస్తువులను బ్యాగులో సర్దినట్టే పెట్టెలో దగ్గరగా సర్ది, అవి ఆక్రమించిన పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో కొలిచి గుణించి, వెయ్యితో భాగించండి. 45 × 30 × 15 వస్తే 20 లీటర్ల పైచిలుకు. మూలలు గుండ్రంగా ఉండటం వల్ల, అరల మధ్య గుడ్డ వల్ల కొంత చోటు పోతుంది. ఎండ పెరిగితే విప్పిన స్వెట్టరుకూ చోటు కావాలి. కాబట్టి ఆ అంకెకు పావు వంతు కలుపుకోండి.

అందరూ లీటర్లను ఒకే విధంగా కొలవరని గుర్తుంచుకోండి. 20 మిల్లీమీటర్ల చిన్న బంతులతో బ్యాగును నింపి కొలిచే ప్రామాణిక పద్ధతి ఒకటి ఉంది. కొన్ని సంస్థలు దాన్ని పాటిస్తాయి, కొన్ని కంప్యూటర్ నమూనా నుంచి అంకె తీస్తాయి, బయటి జేబులను లెక్కలో కలిపేవీ ఉన్నాయి. ఒకే సంస్థ బ్యాగులను పోల్చుకోవడానికి లీటర్లు పనికొస్తాయి. వేర్వేరు సంస్థల బ్యాగులైతే బయటి కొలతలు కూడా చూడాలి.

ట్యాబ్లెట్ మీదే రాసుకునేవారికి 18 నుంచి 20 లీటర్లు చాలు. ల్యాప్‌టాప్, రెండు మూడు పుస్తకాలు, భోజనం మోసేవారికి 22 నుంచి 26 లీటర్లు సరిగ్గా సరిపోతాయి; ఎక్కువ మంది వెతకాల్సింది ఇక్కడే. ల్యాబ్ కోటు, పరికరాలు, ఆటల బట్టలు కూడా ఉంటే 28 నుంచి 30 దాకా వెళ్లవచ్చు. ఆపైన రోజువారీ బ్యాగుగా నేను సిఫారసు చేయను. చోటు ఉంటే నింపుతాం. నిన్నటి పుస్తకం, మొన్నటి కాగితాలు అందులోనే ఉండిపోతాయి.

వారాంతాల్లో ఊరికి వెళ్లే హాస్టల్ విద్యార్థులు ‘రెండు పనులకూ ఒకటే’ అని 40 లీటర్ల బ్యాగు కొంటుంటారు. వారానికి ఒక్కరోజు అవసరం కోసం మిగతా రోజులన్నీ పెద్ద బ్యాగు మోయడం నష్టమే. ప్రయాణానికి వేరే సంచి ఉంచుకోండి. ఆర్కిటెక్చర్, చిత్రకళ చదివేవారికి ఇంకో మాట: ఏ4 కాగితం 21 × 29.7 సెంటీమీటర్లు, ఇది దాదాపు అన్ని బ్యాగుల్లో పడుతుంది. 29.7 × 42 సెంటీమీటర్ల ఏ3 మాత్రం చాలా బ్యాగుల్లో మడత పడకుండా ఇమడదు. మీకు డ్రాయింగ్ గొట్టమో, పలచటి ఫోల్డరో విడిగా ఎలాగూ కావాలి. దాన్ని పక్కన బిగించుకోవడానికి పట్టీలున్న బ్యాగు చూసుకోండి.

మూడో అడుగు: ల్యాప్‌టాప్ అర

15.6 అంగుళాలు అంటే తెర ఒక మూల నుంచి ఎదుటి మూల దాకా ఉన్న కొలత. ల్యాప్‌టాప్ ఒళ్లు తెర కంటే పెద్దది. ఈ సైజు ల్యాప్‌టాప్‌లు సుమారు 36 సెంటీమీటర్ల పొడవు, 24 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి. గేమింగ్ రకాలైతే మందం కూడా ఎక్కువే, వాటి ఛార్జరే అర కిలోకు పైగా తూగవచ్చు. బ్యాగు చీటీ మీద ‘15.6కు సరిపోతుంది’ అని ఉన్నా సరే, మీ ల్యాప్‌టాప్ పొడవు, వెడల్పు, మందం మూడూ కొలిచి రాసుకునే వెళ్లండి. ల్యాప్‌టాప్ ఇంకా కొనకపోతే ముందు దాన్ని తేల్చుకున్నాకే బ్యాగు జోలికి వెళ్లడం మేలు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష. ల్యాప్‌టాప్ అరలోకి చేయి పెట్టి అడుగు దాకా దించండి. రెండో చేత్తో బ్యాగు అడుగును కింది నుంచి పైకి నొక్కండి. మంచి బ్యాగులో అర అడుగుకూ బ్యాగు అడుగుకూ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల ఎడం ఉంటుంది, లేదా దట్టమైన మెత్త ఉంటుంది. రెండు చేతులకూ మధ్య పలచటి గుడ్డ మాత్రమే తగిలితే ఆ బ్యాగును వదిలేయండి. రోజుకు పది సార్లు బ్యాగును నేల మీద దించుతాం. ప్రతిసారీ ఆ దెబ్బ నేరుగా ల్యాప్‌టాప్ అంచుకు తగులుతుంది.

అర వీపు వైపే ఉండాలి. బరువు వెన్నుకు ఎంత దగ్గరగా ఉంటే అంత తక్కువగా వెనక్కి లాగుతుంది. నీళ్ల సీసా ల్యాప్‌టాప్ ఉన్న గదిలోకి కాక బయటి పక్కజేబులోకి వెళ్లేలా ఉండాలి. మూత ఎంత బిగించినా ఒక్కోసారి కారుతుంది.

నాలుగో అడుగు: వీపు, భుజాలు

ఇక్కడ తొందరపడకండి. మిగతావన్నీ కుదిరి ఇది కుదరకపోతే ఆ బ్యాగు మీది కాదు.

తల ముందుకు వంచితే మెడ అడుగున వేలికి ఒక ఎముక గుబ్బలా తగులుతుంది. అక్కడి నుంచి నడుము ఎముకల పైఅంచులను కలిపే గీత దాకా ఉన్నదే మీ వీపు పొడవు. ఎవరిచేతనైనా టేపుతో కొలిపించుకోండి. మనిషి ఎత్తును బట్టి దీన్ని ఊహించలేం. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడవు, మరొకరికి వీపు పొడవు. కొండలెక్కేవారి బ్యాగులు వీపు పొడవును బట్టి రెండు మూడు సైజుల్లో వస్తాయి. కాలేజీ బ్యాగులు ఎక్కువగా ఒకే సైజులో వస్తాయి కాబట్టి వేసుకుని చూడటం తప్పనిసరి. వీపు పొట్టిగా ఉన్నవారికి 50 సెంటీమీటర్ల ఎత్తు బ్యాగు కూర్చున్నప్పుడు కుర్చీకి తగిలి మెడను పొడుస్తుంది.

భుజపట్టీ వెడల్పు ఐదు నుంచి ఏడు సెంటీమీటర్లు ఉంటే బరువు పరుచుకుంటుంది. సన్నటి పట్టీ కోస్తుంది. లోపలి ఫోమ్‌ను బొటనవేలితో, చూపుడువేలితో నొక్కి చూడండి. వేళ్లు ఒకదానికొకటి తగిలినట్టు అనిపిస్తే అది కొన్ని నెలల్లో అణిగిపోతుంది. బాగా మెత్తగా ఉన్నదే మంచిదనుకోవడం సహజం. బరువు మోసేది మాత్రం కొంచెం గట్టిగా ఉండి, వదిలిన వెంటనే పొంగే ఫోమే. పట్టీ ఆకారం కూడా చూడండి. తిన్నగా ఉన్న పట్టీలు చంకలో ఒరుసుకుంటాయి, ఛాతీ దగ్గర వంపు తిరిగినవి ఒరుసుకోవు. భుజాలు ఇరుకుగా ఉన్నవారు, ముఖ్యంగా అమ్మాయిలు, పట్టీలు మెడకు ఎంత దూరంలో మొదలవుతున్నాయో చూసుకోవాలి. ఎడం ఎక్కువైతే భుజాల నుంచి జారుతూనే ఉంటాయి.

వేసుకునే క్రమం ఇది. పట్టీలన్నీ వదులు చేసి, బరువు నింపిన బ్యాగును రెండు భుజాలకూ తగిలించండి. కింది నవారు కొసలను రెండు చేతులతో ఒకేసారి వెనక్కి, కిందికి లాగి, బ్యాగు వీపును ఆనుకునే దాకా బిగించండి. అడుగు భాగం నడుము నుంచి పది సెంటీమీటర్ల కంటే కిందికి దిగకూడదు. వేలాడే బ్యాగు మనిషిని వెనక్కి లాగుతుంది. దానికి విరుగుడుగా మెడ ముందుకు సాగుతుంది. ఛాతీ పట్టీ ఉంటే మెడ కింది ఎముకలకు కొద్దిగా దిగువన, ఊపిరికి అడ్డం కాకుండా బిగించండి. పట్టీలు పక్కలకు జారకుండా ఉంచడమే దాని పని. ఏడు కిలోల లోపు బరువుతో నడిచి వెళ్లేవారికి నడుము పట్టీ అంత అవసరం లేదు. సైకిలు మీద వెళ్లేవారికి బ్యాగు అటూ ఇటూ ఊగకుండా పట్టి ఉంచుతుంది.

వీపు వైపు గాలి ఆడేందుకు మెత్తల మధ్య చాళ్లు ఉంటే చాలు. వీపుకు దూరంగా వంచిన చట్రం మీద వల బిగించిన రకాలూ వస్తాయి. చెమట తగ్గే మాట నిజమే, కానీ ఆ వంపు వల్ల బరువు వెన్నుకు దూరమవుతుంది, లోపలి చోటు కూడా వంకరగా తయారై పుస్తకాలు సరిగా కూర్చోవు. చదువుకునేవారికి అది సరైన బేరం కాదు.

దుకాణానికి మీ ల్యాప్‌టాప్, నీళ్ల సీసా, రెండు పుస్తకాలు తీసుకెళ్లండి. నింపి, పది నిమిషాలు నడవండి. మెట్లుంటే ఎక్కి దిగండి, ఒకసారి వంగి లేవండి, కుర్చీలో కూర్చోండి. మొహమాటం వద్దు, కొనేముందు నింపి చూడటం కొనేవారి హక్కు. పట్టీ భుజం పైభాగాన ఆనకుండా ఎడం కనిపించినా, మీకు తెలియకుండానే ముందుకు వంగి నడుస్తున్నా అది మీకు సరిపడలేదు. వేళ్లలో తిమ్మిరి మొదలైతే పట్టీ నరాలను నొక్కుతోందని అర్థం, అక్కడే విప్పేయండి.

ఐదో అడుగు: గుడ్డ, కుట్టు, జిప్పు

చీటీ మీద 420డి, 600డి అని కనిపిస్తుంది. డి అంటే డెనియర్. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంకె పెద్దదైతే పోగు లావైనదని అర్థం, అంతవరకే. రెండు వేర్వేరు రకాల గుడ్డలను ఈ అంకెతో పోల్చకూడదు. ఒకే మందంలో నైలాన్ పాలిస్టర్ కంటే రాపిడికి బాగా ఓర్చుకుంటుంది కాబట్టి 420 నైలాన్ 600 పాలిస్టర్‌కు తీసిపోదు. పాలిస్టర్ ఎండకు నైలాన్ కంటే మెరుగ్గా తట్టుకుంటుంది. కాన్వాసు అందంగా ఉంటుంది, కానీ బరువు. తడిస్తే మరీ బరువు, ఆరడం ఆలస్యం. రోజువారీ బ్యాగుకు 600 డెనియర్ల పాలిస్టరైనా సరిపోతుంది. అడుగు భాగానికి మాత్రం ఇంకా మందమైన గుడ్డ వేసి ఉంటే మంచిది.

నిజానికి గుడ్డ చిరగడం వల్ల పోయే బ్యాగులు తక్కువ. భుజపట్టీ పైమొదలు ఊడిపోతుంది, లేదా జిప్పు పోతుంది, లేదా అడుగు మూలలు అరుగుతాయి. కాబట్టి చూపంతా ఆ మూడు చోట్లే పెట్టండి. పట్టీ మొదలు దగ్గర కుట్టు ఒకే వరుసలో ఉంటే అనుమానించండి. చదరం మధ్యలో అడ్డగీతలు వేసిన కుట్టో, దగ్గరదగ్గరగా ముందుకూ వెనక్కూ పదే పదే వేసిన కుట్టో ఉండాలి. తర్వాత బ్యాగును లోపలి నుంచి తిరగేసి చూడండి. గుడ్డ అంచులకు పట్టీ వేసి మూసి కుట్టారా, లేక పోగులు బయటికి వేలాడుతున్నాయా? లోపలి పనితనం బయటి ముద్ర కంటే ఎక్కువ చెబుతుంది.

జిప్పులకు 5, 8, 10 అని సైజులుంటాయి. మూసినప్పుడు పళ్ల వరుస వెడల్పు సుమారు అన్ని మిల్లీమీటర్లు. పెద్ద అరకు 8 లేదా 10, చిన్న జేబులకు 5 ఉండటం మంచి పద్ధతి. 1934లో జపాన్‌లో మొదలైన వైకేకే సంస్థ జిప్పులకు మంచి పేరుంది. రన్నర్ మీద ఆ అక్షరాలు కనిపించడం మంచి గుర్తే గానీ నకిలీలూ ఉంటాయి, చేత్తో పరీక్షించడం మానకండి. బ్యాగు నింపి, మూలల దగ్గర ఒక్క చేత్తో జిప్పు వేయండి. మూలలో తట్టుకుంటే, లేదా లోపలి లైనింగ్ గుడ్డ పళ్లలో చిక్కుకుంటే అది రోజూ జరుగుతుంది.

ఆరో అడుగు: వాన

విద్యార్థుల వీపుకు ఈ బ్యాగు చేరిన కథలో వానకు చోటుంది. జాన్‌స్పోర్ట్ సంస్థ 1967లో అమెరికాలోని సియాటెల్‌లో మొదలైంది. కొండల్లో తిరిగేవారి కోసం చేసిన చిన్న బ్యాగులను అక్కడి వాషింగ్టన్ యూనివర్సిటీ విద్యార్థులు పుస్తకాలు తడవకుండా ఉండేందుకు వాడుకోసాగారు. అంతకుముందు పుస్తకాలను చేతుల్లోనో, తోలు పట్టీతో కట్టుకునో తీసుకెళ్లేవారు.

నీటిని కొంతసేపు ఆపేది వేరు, నీరు అసలు చొరనిది వేరు. ఎక్కువ బ్యాగులు మొదటి రకం. లోపల పూత ఉంటుంది కాబట్టి గుడ్డ గుండా నీరు రాదు. కుట్టు రంధ్రాల గుండా, జిప్పు గుండా వస్తుంది. పూర్తిగా నీరు చొరని బ్యాగులు బరువు, వాటిని తెరవడం మూయడం నెమ్మది. వాన తొడుగు ఒకటి అడుగు జేబులో ఉంచుకుని, ల్యాప్‌టాప్‌ను పలచటి కవరులో పెట్టుకుంటే చాలా మందికి సరిపోతుంది. తొడుగు వీపు వైపు కప్పదని మాత్రం గుర్తుంచుకోండి.

ఏడో అడుగు: జేబులు

ఇవి ఎక్కువైతే మంచిదన్న నమ్మకం నాకు లేదు. ప్రతి జేబూ కొంత గుడ్డ, కొంత జిప్పు, కొంత బరువు. ల్యాప్‌టాప్ అర, పెద్ద అర, చిన్న సామాన్ల జేబు, సీసా జేబు, తాళాలకూ డబ్బుకూ వీపు వైపు దాగిన ఒక జేబు, ఇవి ఉంటే సరి. రద్దీ బస్సుల్లో, రైళ్లలో తిరిగేవారికి ఆ వీపు జేబు ఏ తాళం కంటే ఎక్కువ భద్రత ఇస్తుంది. సీసా జేబు లోతుగా ఉందా, పెద్ద అర నిండినప్పుడు కూడా సీసా పడుతుందా చూడండి. బ్యాగు పక్కన ఛార్జింగ్ రంధ్రం ఉన్నదానికి ఎక్కువ డబ్బు పెట్టకండి. అందులో బ్యాటరీ ఉండదు, ఒక తీగ మాత్రమే ఉంటుంది. మీ పవర్ బ్యాంకు నుంచి నేరుగా తీగ పెట్టుకున్నా జరిగేది అదే పని.

ఎనిమిదో అడుగు: కొన్నాక

ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే చీటీలు తెంపకుండా, ఇంట్లోనే మీ సామాన్లు నింపుకుని అర గంట తిరగండి. వాపసు గడువు దాటకముందే తేల్చుకోండి. హామీ పత్రం ఉంటే అందులో జిప్పు, కుట్టు ఉన్నాయా లేదా చదవండి. కొన్ని హామీలు తయారీ లోపాలకే వర్తిస్తాయి, అరుగుదలకు వర్తించవు. రసీదును ఫొటో తీసి దాచుకోండి.

సర్దేటప్పుడు బరువైనవి వీపు వైపు, తేలికవి బయటి వైపు పెట్టండి. ఒక్క భుజానికి తగిలించుకుని నడిచే అలవాటు చేసుకోవద్దు. వారానికోసారి బ్యాగు మొత్తం ఖాళీ చేసి, పాత కాగితాలు తీసి, దుమ్ము దులపండి.

లోపలి పూత ఉన్న బ్యాగును వాషింగ్ మెషిన్‌లో వేయకండి. చల్లటి నీళ్లు, తేలికపాటి సబ్బు, మెత్తటి బ్రష్షు చాలు. కడిగాక జిప్పులన్నీ తెరిచి, తలకిందులుగా వేలాడదీసి నీడలో ఆరబెట్టండి. తడిగా మడిచి అలమరాలో పెడితే బూజు పడుతుంది, పూత జిగటగా మారి పొరలుగా ఊడుతుంది. జిప్పు బిరుసెక్కితే కొవ్వొత్తి మైనమో, పెన్సిల్ ముల్లో పళ్ల మీద రాసి రెండు మూడు సార్లు నడపండి. భుజపట్టీ మొదలు దగ్గర ఒక్క కుట్టు తెగినట్టు కనిపించినా ఆ వారంలోనే కుట్టుపని చేసేవారి దగ్గరకు తీసుకెళ్లండి; అప్పుడది పది నిమిషాల పని, ఆలస్యమైతే గుడ్డ కూడా చిరిగి అతుకు వేయాల్సి వస్తుంది.